లాక్టోజ్ లోపలికి ఎలా వెళ్ళింది?

తెలుగు మేడమ్ బయాలజీ గురించి రాయడమేమిటని పదకొండు, పన్నెండు తరగతుల వాళ్ళు నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోండి. మా స్టాఫ్‌రూమ్‌లో బయాలజీ సార్ కూడా నవ్వారు. నవ్వాక నా చేతిలోంచి కాగితాలు లాక్కుని రెండు చోట్ల ఎర్ర పెన్నుతో దిద్దారు. కాబట్టి సైన్సు వరకు భయం లేదు. అభిప్రాయం మాత్రం నాదే. దాన్ని ఆయన దిద్దలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు.

ఇదంతా ఒక ఫోనుతో మొదలైంది. నేను ఖరగ్‌పూర్‌లో పనిచేసినప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన రైల్వే కాలనీ అమ్మాయి ఇప్పుడు ఒక యూనివర్సిటీలో బయాలజీ డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న దసరా సెలవుల్లో వీడియో కాల్ చేసి, "మేడమ్, పరీక్షలో పదికి పది వచ్చాయి, కానీ ఏడుపొస్తోంది" అంది. పదికి పది వస్తే ఏడుపేమిటే అన్నాను. అప్పుడు లాక్ ఓపెరాన్ కథ విప్పింది.

పన్నెండో తరగతి వాళ్ళకు ఇది పాఠంలో ఉన్నదే. చిన్న తరగతుల వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియాకు గ్లూకోజ్ అంటే ఇష్టం. అది దొరకనప్పుడు పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరతో గడుపుకుంటుంది. లాక్టోజ్‌ని వాడుకోవాలంటే దానికి ముఖ్యంగా రెండు ప్రోటీన్లు కావాలి. పర్మియేజ్ అనేది లాక్టోజ్‌ని బయటి నుంచి కణంలోకి తెచ్చేది. బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైము, లోపలికి వచ్చినదాన్ని ముక్కలు చేసేది. ఈ రెండింటి జన్యువులూ ఒకే వరుసలో ఉంటాయి. లాక్టోజ్ లేనప్పుడు రిప్రెసర్ అనే మరో ప్రోటీను ఆ వరుస మొదట్లో కూర్చుని తాళం వేసేస్తుంది, పనిలేనప్పుడు ఎంజైములు తయారుచేయడం దండగ కదా. లాక్టోజ్ వస్తే, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని నుంచి పుట్టే అల్లోలాక్టోజ్ వస్తే, అది రిప్రెసర్‌ని పట్టుకుని పక్కకు లాగుతుంది. తాళం ఊడుతుంది, ప్రోటీన్ల తయారీ మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా జాకబ్, జాక్ మోనో 1961లో దీన్ని వివరించారు. 1965లో ఆంద్రే ల్వాఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. మన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో దీనికి చక్కటి బొమ్మ ఉంది. బోర్డు పరీక్షకు వెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకుని వేయగల బొమ్మ అది.

మా అమ్మాయి వాళ్ళ ల్యాబ్‌లో ఆ బొమ్మను కంప్యూటర్‌లో నడిపించమన్నారు. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు, మీరు కంప్యూటర్ పీరియడ్‌లో మార్కుల జాబితాలు చేసే స్ప్రెడ్‌షీటే. ఒక్కో వరుస ఒక్కో నిమిషం. ఒక గడిలో బయటి లాక్టోజ్, ఒక గడిలో లోపలి లాక్టోజ్, ఇంకో గడిలో పర్మియేజ్, మరో గడిలో ఎంజైము. ఈ నిమిషంలో ఉన్నదాన్ని బట్టి తరువాతి నిమిషంలో ఏముంటుందో నియమాలు రాయాలి. పర్మియేజ్ ఎంత ఉంటే లాక్టోజ్ అంత లోపలికి వస్తుంది. లోపల లాక్టోజ్ ఉంటే తాళం ఊడి పర్మియేజ్, ఎంజైము తయారవుతాయి. లేకపోతే తయారవవు. పాఠంలో ఉన్నది ఉన్నట్టు రాసింది. మొదటి వరుసలో బయటి లాక్టోజ్ 1000 పెట్టి, మిగతావన్నీ సున్నా పెట్టి, కిందికి లాగింది.

అన్నీ సున్నాలు. రెండు వందల వరుసలు కిందికి పోయినా సున్నాలే.

ఫార్ములా తప్పనుకుంది. మళ్ళీ టైపు చేసింది. పక్క అమ్మాయి షీటు చూసింది, అక్కడా సున్నాలే. ఒక అరగంట తర్వాత, కంప్యూటర్ వైపు కాకుండా కాగితం వైపు చూస్తూ, నియమాల్ని ఒక్కొక్కటే వేలు పెట్టి చదివిందట. లాక్టోజ్ లోపలికి రావాలంటే పర్మియేజ్ ఉండాలి. పర్మియేజ్ తయారవాలంటే తాళం ఊడాలి. తాళం ఊడాలంటే లాక్టోజ్ లోపల ఉండాలి. మనం క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు తాళంచెవి లోపల టేబుల్ మీదే మరిచిపోయి బయటి నుంచి తలుపు లాగేసినట్టు. (నాగపూర్‌లో నేను సరిగ్గా ఇదే చేశాను. లారీ బయట నిలబడి ఉంది. ఆ కథ వేరే.) సున్నాను దేనితో గుణించినా సున్నాయే. మరి నిజం బాక్టీరియాలో లాక్టోజ్ లోపలికి ఎలా వెళ్ళింది?

జవాబు తన పన్నెండో తరగతి పుస్తకంలోనే ఉంది. లాక్ ఓపెరాన్ ఎప్పుడూ ఎంతో కొంత, చాలా తక్కువ స్థాయిలోనైనా, పనిచేస్తూనే ఉండాలని, లేకపోతే లాక్టోజ్ కణంలోకి రాలేదని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం కింద గీత కూడా గీసుకుందట. గీత గీసింది, బోర్డు రాసింది, పాసయింది. ఆ వాక్యం లేకపోతే మొత్తం యంత్రం కదలదని మాత్రం ఆ రోజు ఆ సున్నాల ముందు కూర్చున్నప్పుడు గాని తెలియలేదు. తాళం కొంచెం వదులుగా ఉంటుంది. అప్పుడప్పుడు రిప్రెసర్ దానంతట అదే జారుతుంది, నాలుగైదు పర్మియేజ్‌లు పుడతాయి, వాటి గుండా కాస్త లాక్టోజ్ వస్తుంది, అక్కడి నుంచి కథ నడుస్తుంది.

అంతటితో అయిపోలేదు. ఆ వదులుని నియమంగా చేర్చి 50 అని పెట్టింది. ఇప్పుడు బయట లాక్టోజ్ ఏమీ లేకపోయినా బాక్టీరియా గుట్టలుగా ఎంజైములు తయారుచేసేస్తోంది. తగ్గించింది. తర్వాత గ్లూకోజ్ కూడా కలిపి చూడమన్నారు. తన బాక్టీరియా రెండింటినీ ఒకేసారి తినేసింది. నిజం బాక్టీరియా అలా తినదు. ముందు గ్లూకోజ్ అవగొట్టి, కాసేపు ఆగి, అప్పుడు లాక్టోజ్ మొదలుపెడుతుంది. 1940ల మొదట్లో మోనో గమనించి పట్టుకున్నది ఈ మధ్యలో ఆగడాన్నే. అంటే తాళం ఒక్కటే చాలదు, గ్లూకోజ్ సంగతి చూసే రెండో ఏర్పాటు కూడా ఉండాలి. అదీ చేర్చింది. మూడు పాడైన మోడళ్ళు, నాలుగోది నడిచింది.

మార్కులు ఎలా వేశారంటే: షీటు అప్‌లోడ్ చేసినందుకు ఒక టిక్కు. పరీక్షలో ప్రశ్న, 'లాక్ ఓపెరాన్ బొమ్మ గీసి భాగాలు గుర్తించుము.' పదికి పది.

"ఆ బొమ్మ పన్నెండులోనే వేసేదాన్ని మేడమ్. యూనివర్సిటీకి వచ్చి నేర్చుకున్నది ఎవరూ అడగలేదు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ వ్యాసం.

యూనివర్సిటీల్లో బయాలజీని ఇలా కంప్యూటర్ నమూనాలతో నేర్పడం కొత్త సంగతి కాదు. అమెరికాలో సైన్సు అభివృద్ధి సంఘం 2011లో వెలువరించిన 'విజన్ అండ్ చేంజ్' అనే నివేదిక, డిగ్రీలో బయాలజీ చదివే ప్రతి విద్యార్థికీ ఉండాల్సిన సామర్థ్యాల్లో మోడలింగ్, సిమ్యులేషన్ ఒకటని చెప్పింది. నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళ సెల్ కలెక్టివ్‌లో సమీకరణాలు రాయడం రాకపోయినా కణం లోపలి సంబంధాలతో నమూనా కట్టి నడిపించవచ్చు. నెట్‌లోగోలో గొర్రెలు, తోడేళ్ళు, గడ్డి ఉన్న ఒక మైదానం ఉంటుంది. ఏది పెరిగితే ఏది తగ్గుతుందో తెర మీద చూడవచ్చు, నియమాలు మార్చవచ్చు. నేర్పడం వరకు దారి పడింది. నేర్చుకున్నది కొలవడం దగ్గరే బండి ఆగింది. పాఠం కొత్తది, ప్రశ్నపత్రం పాతది.

ఇదంతా కంప్యూటర్ వచ్చాక పుట్టిన వేషమని కూడా అనుకోకండి. నేను సికింద్రాబాద్‌లో పనిచేసిన రోజుల్లో బేగంపేటలో రోనాల్డ్ రాస్ పనిచేసిన పాత భవనం ముందు నుంచి చాలాసార్లు వెళ్ళాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే ఆయన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. ఆ తర్వాత కొద్ది వారాలకే ఆయనకు ఏమొచ్చిందో మన స్కూల్లో ఎవరైనా చెప్పేస్తారు: బదిలీ ఆర్డరు! రాజపుతానాలోని ఖేర్వారాకి. అక్కడ పరిశోధనకు మలేరియా రోగులే సరిగా దొరకని పరిస్థితి. మరుసటి ఏడు కలకత్తా వెళ్ళి పక్షుల మలేరియా మీద పని పూర్తిచేశారు. 1902లో నోబెల్ వచ్చింది. ఇక్కడివరకు అందరికీ తెలిసిందే. తక్కువమందికి తెలిసింది ఏమిటంటే, దోమల్ని తగ్గిస్తే మలేరియా తగ్గుతుందని ఆయన అన్నప్పుడు, చివరి దోమ వరకు చంపగలిగితే తప్ప లాభం లేదని ఎదురు చెప్పినవాళ్ళున్నారు. దానికి రాస్ లెక్కలతో జవాబిచ్చారు. 1911లో వచ్చిన తన మలేరియా నివారణ పుస్తకం రెండో కూర్పులో ఆ లెక్కలున్నాయి.

నాకు అర్థమైన మేరకు, ఊహించిన అంకెలతో చెప్తాను. ఒక ఊళ్ళో 100 మంది రోగులున్నారు. వాళ్ళు కోలుకునేలోపు ప్రతి 10 మంది నుంచి దోమల ద్వారా 12 మందికి జ్వరం పాకుతోంది. అప్పుడు 100 కాస్తా 120, తర్వాత 144, తర్వాత 173. ఇప్పుడు దోమల్లో మూడో వంతు తగ్గించారు. 12 స్థానంలో 8. అప్పుడు 100 కాస్తా 80, తర్వాత 64, తర్వాత 51. మూడింట రెండు వంతుల దోమలు ఇంకా చెవి దగ్గర పాడుతూనే ఉన్నాయి, అయినా జబ్బు వెనక్కి పోతోంది. 'చివరి దోమ వరకు' అన్నవాళ్ళు దోమ గురించి తెలియనివాళ్ళు కారు, డాక్టర్లే. వాళ్ళ మాట వెనక ఏ లెక్క దాగుందో వాళ్ళే చూసుకోలేదు. కాగితం మీద నియమంగా రాసేసరికి అది బయటపడింది.

మోడల్ కట్టించడంలో అసలు లాభం ఇదే అని నా అభిప్రాయం. విద్యార్థి తలలో దాక్కున్న లెక్క బయటికి వస్తుంది, టీచరు దాన్ని చూడగలుగుతారు. బొమ్మలో బాణం గుర్తు ఏ అర్థంలో వేశావని బొమ్మ అడగదు. షీటు అడుగుతుంది. ఎంత, ఎప్పటి నుంచి, ఏది లేకపోతే ఏమవుతుంది అని అడుగుతుంది, జవాబు రాయకపోతే సున్నా చూపిస్తుంది.

అలాగని చివరి గ్రాఫ్ చూసి మార్కులు వేయమని నేననను. అది బొమ్మకు మార్కులు వేయడం కన్నా ఘోరం. గ్రాఫ్ పాఠంలో ఉన్నట్టు వచ్చేదాకా అంకెలు అటూ ఇటూ మార్చుకుంటూ పోవచ్చు, ఎందుకు వచ్చిందో తెలియకుండానే వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో స్నేహితుడి ఫైలూ వస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడికి పది ప్రయత్నాలు, ల్యాబ్‌లో గంట దొరికినవాడికి ఒక్కటి. పైగా కంప్యూటర్ చేతివాటం ఉన్న పిల్లవాడిని బయాలజీ తెలిసినవాడని పొరబడతాం.

నేనైతే ఏమడుగుతానంటే, నడిపించక ముందే ఏమవుతుందనుకుంటున్నావో రెండు వాక్యాలు రాయమంటాను. తప్పయినా సరే, దానికి మార్కులు కోయను. తర్వాత మొదట పాడైన షీటుని చెరపకుండా పక్కన పెట్టమంటాను. మూడు పాడైన షీట్లు, ఒక్కోదానికీ ఏం మార్చావు, ఎందుకు మార్చావు. మార్కుల్లో పెద్ద భాగం ఆ 'ఎందుకు'కే. చివర్లో పాఠంలో లేని ఒక ప్రశ్న. పర్మియేజ్ జన్యువు చెడిపోయిన బాక్టీరియాని లాక్టోజ్‌లో వేస్తే ఏమవుతుంది? రిప్రెసర్ జన్యువే చెడిపోతే? బట్టీ పట్టినవాళ్ళు రెండో ప్రశ్న దగ్గర తడబడతారు. సున్నాల ముందు అరగంట కూర్చున్న మా అమ్మాయి నేను ప్రశ్న పూర్తి చేయకముందే చెప్పేసింది: మొదటిది లాక్టోజ్ బయట ఉన్నా పస్తే మేడమ్, రెండోది అవసరం ఉన్నా లేకపోయినా ఎప్పుడూ వండుతూనే ఉంటుంది.

ఇక్కడ మా బయాలజీ సార్ అడ్డం వచ్చారు. ఒక లెక్చరరు, 120 మంది పిల్లలు, ఎవరు చదువుతారండీ ఆ షీట్లన్నీ అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఒక్కొక్కరిని మూడు నిమిషాలు నోటితో అడిగితే 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. సెమిస్టరు ప్రాక్టికల్స్ అన్నింటి మీద పరిస్తే పెద్ద భారం కాదు. రికార్డు పుస్తకాల్లో సంతకాలు పెట్టడానికి ఇంతకన్నా ఎక్కువే పడుతుందేమో అన్నాను. ఆయన తన టేబుల్ మీది రికార్డుల గుట్ట వైపు చూసి ఏమీ అనలేదు. కానీ ఆయన రెండో మాట మాత్రం నేను కొట్టిపారేయలేను. పేర్లు రాకుండా మోడల్ ఎలా కడతారు, ముందు రిప్రెసర్ అంటే ఏమిటో తెలియాలిగా అన్నారు. నిజమే. పేర్లు తెలియాలి. పేర్లు తెలియడాన్నే చదువంతా అనుకుంటే వచ్చే నష్టం ఏమిటో నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, నా తప్పు వల్ల తెలిసింది. అది కూడా చెప్పేస్తాను.

ఒకప్పుడు నేను పనిచేసిన చోటికి ఏడాది మధ్యలో అస్సాం నుంచి ఎయిర్‌ఫోర్స్ వాళ్ళబ్బాయి వచ్చి ఏడో తరగతిలో చేరాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు నేను పెట్టే పరీక్షే పెట్టాను: అక్షరమాల, గుణింతాలు, పది పదాలు. 25కి 4 వచ్చాయి. తెలుగు రాదని రాసుకుని, మొదటి నుంచి మొదలుపెట్టే పిల్లల వరుసలో కూర్చోబెట్టాను. నెల రోజుల తర్వాత వార్షికోత్సవం రిహార్సల్స్‌లో వేదిక వెనక ఏదో గుంపు కనిపిస్తే వెళ్ళాను. వాడు నడుమ కూర్చుని, వాళ్ళ శ్రీకాకుళం నాయనమ్మ చెప్పిన దెయ్యం కథ చెప్తున్నాడు. 'ఏటయిందంటే' అని మొదలుపెట్టి, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ సామెత వేయాలో తెలిసి మరీ చెప్తున్నాడు. చుట్టూ పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారు. నా పరీక్షలో 24 తెచ్చుకున్న అమ్మాయి కూడా వాళ్ళలో ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు ఆ అమ్మాయివి, పక్కింటి తెలుగావిడను మంచినీళ్ళు అడగాలంటే మాత్రం హిందీలోకి వెళ్ళిపోయేది.

నా పరీక్ష ఇద్దరి విషయంలోనూ అబద్ధం చెప్పింది. అది భాగాల పేర్లు అడిగింది, యంత్రాన్ని నడిపించి చూపమనలేదు. ఆ అబ్బాయికి నేను నెల రోజులు అ-అమ్మ, ఆ-ఆవు చెప్పాను. వాడు పాపం ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. కొత్త స్కూల్లో ఎదురు చెప్పకూడదని మీ అందరికీ ఎలా తెలుసో వాడికీ అలాగే తెలుసు. ఆ తర్వాత అక్షరాలు వాడి దెయ్యం కథతోనే నేర్పాను. ఏడాది చివరికి కథంతా తన చేత్తో రాశాడు, ఒత్తులు అక్కడక్కడ తప్పినా సరే. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా ముందు గుణింతాలు అడగను. ఇక్కడికి ఎలా వచ్చారు, దారిలో ఏం జరిగింది, సామాన్లలో ఏది పగిలింది అని అడుగుతాను. ఆ పదినిమిషాల్లో తెలిసేది నా పాత పరీక్ష చెప్పలేకపోయింది.

మీలో చాలామంది రెండు మూడేళ్ళకోసారి ఇలాంటి కొలతలకు నిలబడతారు. మీరు చదవని పాఠంలోంచి యూనిట్ టెస్టు వస్తుంది, ఆ అంకె చూసి మీరెవరో నిర్ణయమైపోతుంది. రేపు యూనివర్సిటీకి వెళ్ళాక కొలత మారుతుందని అనుకుంటూ ఉంటాం. మా ఖరగ్‌పూర్ అమ్మాయి అనుభవం చూస్తే అక్కడా మనం అడిగితే తప్ప మారేలా లేదు. తను అడుగుతానంది. వచ్చే సెమిస్టరు మొదట్లోనే వాళ్ళ లెక్చరరుగారి దగ్గరికి వెళ్ళి, టిక్కు బదులు తన పాడైన మూడు షీట్లూ చూడమని అడుగుతుందట. ఎలా అడగాలో మర్యాదగా ఒక ఉత్తరం రాసిపెట్టమంది. తెలుగులో రాసిచ్చాను, ఇంగ్లీషులోకి తనే మార్చుకుంటుంది.

ఈలోపు మన స్కూల్ సంగతి. కంప్యూటర్ ల్యాబ్ శనివారం చివరి పీరియడ్ ఖాళీగా ఉందని, బయాలజీ సార్ వచ్చి కూర్చుంటానన్నారని చెప్పడానికి సంతోషంగా ఉంది. ఒప్పుకోకపోయినా వస్తానన్నారు. పదకొండు, పన్నెండు వాళ్ళు నాలుగు గడుల షీటు మీరే చేసి చూడండి. బయట లాక్టోజ్ 1000, మిగతావన్నీ సున్నా. సున్నాలు వస్తే ఆ షీటు చెరపకండి, పేరు పెట్టి సేవ్ చేసి మా ఇద్దరిలో ఎవరికైనా తెచ్చి చూపించండి.